ముసలి గుర్రం పోయిన ఏడాది: లార్డ్ రాబర్ట్స్ జీవితంలో 1899

ఝపటాపూర్ (ఖరగ్‌పూర్): 1899 జూన్ నెలలో డబ్లిన్ నగరంలోని రాయల్ హాస్పిటల్ ఉద్యానవనంలో ఒక గుర్రాన్ని సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. పేరు వొనొలెల్. పాతికేళ్లు దాటిన అరబ్బు గుర్రం. ఇరవై రెండేళ్ల పాటు దానిపై స్వారీ చేసిన యజమాని ఫీల్డ్ మార్షల్ లార్డ్ రాబర్ట్స్ అప్పటికి ఐర్లాండులోని బ్రిటిష్ సైన్యానికి అధిపతి. వయస్సు అరవై ఆరు. విక్టోరియా క్రాస్ పొందినవాడు, కాందహారు విజేతగా సామ్రాజ్యమంతటా పేరుమోసినవాడు. ఆయన తన గుర్రానికి సమాధి కట్టించి, అది పాల్గొన్న దండయాత్రల వివరం శిలపై చెక్కించాడు. ఆ శిల నేటికీ అక్కడే ఉంది.

ఈ కథలో తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసిన సంగతి ఒకటుంది. ఒక మూగజీవి మరణానికి అంతగా చలించిన ఈ సేనానే 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసి, దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తేల్చిన వ్యక్తి. ఆ తీర్పు కోరమండల తీరంలోని ఎన్నో తెలుగు కుటుంబాల జీవనోపాధిపై పడింది. ఆయన దుఃఖాన్ని కాదనలేము, ఆ తీర్పును మరువలేము. రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే ఆయన జీవితాన్ని చదువుకోవలసి ఉంటుంది.

ఫ్రెడరిక్ స్లే రాబర్ట్స్ 1832 సెప్టెంబరు 30న కాన్పూరులో జన్మించాడు. తండ్రి అబ్రహాం రాబర్ట్స్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉన్నతాధికారి, ఐర్లాండులోని వాటర్‌ఫర్డ్ ప్రాంతీయుడు. పసితనంలో వచ్చిన మెదడు జ్వరం కారణంగా రాబర్ట్స్ కుడికంటి చూపు పోయింది. మనిషి పొట్టి, శరీరం బక్కపలుచన. అటువంటి కుర్రవాడు సైనికుడవుతాడని ఎవరూ అనుకునే పరిస్థితి లేదు. అయినా ఇంగ్లండులో చదువు ముగించుకుని 1851లో బెంగాల్ ఫిరంగిదళంలో చేరి, మరుసటి ఏడాది భారతదేశానికి తిరిగి వచ్చి, పెషావరులో తండ్రి వద్దనే కొలువు ప్రారంభించాడు. 1857లో ఢిల్లీ ముట్టడిలోనూ లక్నో పోరులోనూ పాల్గొన్నాడు. 1858 జనవరి 2న ఖుదాగంజ్ వద్ద చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ లభించింది. 1859లో వాటర్‌ఫర్డ్‌లో నోరా బ్యూస్‌ను వివాహమాడాడు. వారికి ఆరుగురు బిడ్డలు కలిగితే ముగ్గురు పసితనంలోనే పోయారు. మిగిలినవారు ఇద్దరు కుమార్తెలు, 1872లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు ఫ్రెడరిక్. మరణం ఆ ఇంటికి కొత్త కాదు. గుర్రపు సమాధి కట్టించిన మనిషి అంతకుముందే ముగ్గురు బిడ్డలను మట్టిలో పెట్టిన తండ్రి అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

1871-72 చలికాలంలో లూషాయి కొండలపై, అంటే నేటి మిజోరంపై, కంపెనీ వారసులైన బ్రిటిష్ పాలకులు సైన్యం నడిపినప్పుడు రాబర్ట్స్ అందులో సిబ్బంది అధికారి. ఆ కొండల్లో అప్పటికే మరణించిన ఒక ప్రసిద్ధ నాయకుని పేరు వన్‌హ్నుఐలియానా. ఆంగ్ల అధికారుల చెవికి, కలానికి లొంగి అది వొనొలెల్ అయింది. ఆరేళ్లు తిరగకుండానే ఆ పేరు బొంబాయిలో కొన్న గుర్రానికి వచ్చింది. తాను దండెత్తి వెళ్లిన కొండల నాయకుని పేరును ప్రియమైన గుర్రానికి పెట్టుకోవడంలో గౌరవం ఎంత, విజయగర్వం ఎంత అన్నది చెప్పడం కష్టం. ఆ నాయకుని వంశీకుల భాషలో ఆ పేరుకున్న రూపం మాత్రం డబ్లిన్ శిలపై కనిపించదు.

గుర్రాన్ని 1877లో అరబ్బు వర్తకుని వద్ద కొన్నాడు. అరబ్బు గుర్రాలు పశ్చిమ తీరానికి ఓడల్లో దిగడం అప్పటికి వందల ఏళ్ల నాటి వ్యాపారం. విజయనగర రాయల కాలంలోనూ గోవా, భట్కల్ రేవుల గుండానే అవి దక్కనుకు చేరేవి. రాయలసీమ, తెలంగాణ రాజ్యాల అదృష్టం కొంతవరకు ఆ ఓడల రాకపోకలపైనే ఆధారపడి ఉండేది. రాబర్ట్స్ కొన్నది బూడిద రంగు జాతి. ఈ రంగు గుర్రాలు పుట్టినప్పుడు ముదురుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. యజమాని జుట్టు, గుర్రం ఒళ్లు ఒకే కాలంలో నెరిశాయన్నమాట. అరబ్బు గుర్రాలు మరీ ఎత్తరివి కావు. పొట్టి మనిషికి అటువంటి గుర్రమే కుదురుతుంది. ఎక్కడం దిగడం తేలిక, పైగా తక్కువ మేతతో ఎక్కువ దూరం నడుస్తుంది.

మరుసటి ఏడాదే ఆ నడక అవసరమైంది. 1878 నవంబరులో రెండవ ఆఫ్ఘన్ యుద్ధం మొదలైంది. కుర్రం లోయ గుండా నడిచిన దళానికి రాబర్ట్స్ నాయకుడు. డిసెంబరు 2న పెయ్వార్ కోతల్ కనుమను గెలిచాడు. 1879 సెప్టెంబరులో కాబూలులోని బ్రిటిష్ రాయబారి కవాన్యారి హతుడైనప్పుడు ప్రతీకార దళాన్ని నడిపించి నగరంలో ప్రవేశించాడు. అక్కడ పదుల సంఖ్యలో ఆఫ్ఘన్లను ఉరితీయించాడు. దీనిపై ఇంగ్లండులోనే గట్టి విమర్శలు వచ్చాయి. ఆయన జీవితచరిత్ర రాసేవారు ఈ అధ్యాయాన్ని తొందరగా దాటవేస్తుంటారు, అది న్యాయం కాదు.

1880 జూలై 27న మైవంద్ వద్ద బ్రిటిష్ దళం చిత్తుగా ఓడిపోయి, మిగిలినవారు కాందహారు కోటలో చిక్కుకున్నారు. వారిని విడిపించడానికి రాబర్ట్స్ సుమారు పదివేల మంది సైనికులతో, ఎనిమిది వేలకు పైగా అనుచరులతో, వేల సంఖ్యలో గుర్రాలు, కంచరగాడిదలు, ఒంటెలతో ఆగస్టు రెండో వారంలో కాబూలు విడిచాడు. దాదాపు 500 కిలోమీటర్ల దూరం. పగలు నిప్పులు చెరిగే ఎండ, రాత్రి వణికించే చలి, దారి పొడవునా నీటి కొరత. మూడు వారాల్లో చేరుకున్నారు. చివరి రోజుల్లో సేనానికి జ్వరం వచ్చి గుర్రంపై కూర్చోలేకపోయాడు, డోలీలో మోయించుకున్నాడు. ఆగస్టు 31న నగరం దగ్గర పడుతుండగా పట్టుబట్టి మళ్లీ జీను ఎక్కాడు. సెప్టెంబరు 1న కాందహారు యుద్ధం గెలిచాడు. డోలీ మోసిన బోయీల పేర్లు చరిత్రకు దక్కలేదు. గుర్రం పేరు దక్కింది.

ఆ ప్రయాణంలో పాల్గొన్నవారికి, యుద్ధంలో పట్టుబడిన ఫిరంగుల కంచును కరిగించి నక్షత్రపు పతకం తయారుచేయించారు. విక్టోరియా రాణి అనుమతితో వొనొలెల్‌కు కూడా ఆ నక్షత్రం, నాలుగు యుద్ధాల పట్టీలున్న ఆఫ్ఘన్ పతకం లభించాయి. గుర్రానికి యుద్ధ పతకాలు రావడం బ్రిటిష్ సైన్యంలో అత్యంత అరుదు.

1881 నవంబరులో రాబర్ట్స్ మద్రాసుకు వచ్చాడు. మద్రాసు సైన్యం కంపెనీ సైన్యాలన్నింటిలోకీ పాతది. అందులో తెలుగువారు, తమిళులు, ముస్లింలు తరతరాలుగా కొలువు చేసేవారు. కుటుంబాలు పటాలం వెంట కదిలేవి, తండ్రి స్థానంలో కొడుకు చేరేవాడు. ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. 1757లో క్లైవు బెంగాలులో పోరాడినప్పుడు ఆయన వెంట మద్రాసు తీరపు సిపాయిలు ఉన్నారు. ఉత్తరాదివారికి ఆంగ్ల పద్ధతిలో కవాతు చేసే దేశీయ సిపాయి తొలుత ఆ రూపంలోనే కనిపించాడు. అందుకే వంద సంవత్సరాల తర్వాత కూడా ఢిల్లీ, లక్నో వీధుల్లో సిపాయి అనే ప్రతివాడినీ, వాడు అవధ్ బ్రాహ్మణుడైనా సరే, తిలంగా అని పిలిచేవారు. ఒక జాతి పేరు ఒక వృత్తి పేరుగా మారిన సందర్భం అది. 1857లో రాబర్ట్స్ ఢిల్లీ గోడల వెలుపల నుంచి పోరాడినది ఢిల్లీ ప్రజలు తిలంగాలు అని పిలిచిన మనుషులతోనే, వారిలో తెలుగు తెలిసినవారు దాదాపు లేకపోయినా.

పేరు ఉత్తరాదిన నిలిచింది గాని, పేరు గలవారికి దక్షిణాదిన కొలువు నిలవలేదు. మద్రాసు పటాలాలు దీర్ఘకాలం పెద్ద యుద్ధం చూడలేదు. సుదీర్ఘ శాంతి వారిని మెత్తబరచిందని, ఉత్తరాది యోధ జాతులతో వారు సరితూగరని రాబర్ట్స్ నిర్ధారించుకున్నాడు. గూర్ఖాలు, సిక్కులు, పఠాన్లు, డోగ్రాలు పుట్టు యోధులని, దక్షిణాది ప్రజలు కారని చెప్పే ఈ వాదానికి ఆయన ఒక్కడే కర్త కాడు. దానిని ప్రభుత్వ విధానంగా నడిపించిన వారిలో ముఖ్యుడు మాత్రం ఆయనే. 1885 నవంబరులో భారత సర్వసేనాధిపతి అయి 1893 వరకు ఆ పదవిలో ఉన్నాడు. 1890ల తొలి సంవత్సరాల్లో బర్మాలో ఉన్న పలు మద్రాసు పటాలాలను పంజాబీ, గూర్ఖా సైనికులతో పునర్నిర్మించారు. తెలుగు సిపాయి చేరిక క్రమంగా సన్నగిల్లింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పదేళ్లలో మద్రాసు కాల్బలం పూర్తిగా రద్దయింది. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్ల దళం ఒకటి పరువు నిలుపుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చినప్పుడు మద్రాసు కాల్బలం మళ్లీ పుట్టింది. పనికిరారన్నవారే అప్పుడు పనికి వచ్చారు.

ఈ వాదంలోని ఒక వైచిత్రి గుర్రం పక్కన పెడితే బాగా తెలుస్తుంది. వొనొలెల్‌ను రాబర్ట్స్ జాతి చూసే కొన్నాడు. కానీ దాని విలువను జాతితో కొలవలేదు. అది నడిచిన దూరాన్ని, చూపిన ఓర్పును, తన పట్ల దానికున్న అలవాటును బట్టి కొలిచాడు. మద్రాసు సిపాయికి ఆ అవకాశం అంత ఉదారంగా దక్కలేదు. ఇది సేనాని ఒక్కడి లోపమని చెప్పలేము, ఆయన కాలపు సామ్రాజ్య చింతనే అట్లా ఉండేది. అయితే ఆ చింతనకు అధికార ముద్ర వేసిన చేయి ఆయనది.

1892లో కాందహారు, వాటర్‌ఫర్డ్ పేర్లతో ప్రభువుగా పదవి పొంది, మరుసటి ఏడాది భారతదేశం విడిచి వెళ్లాడు. వొనొలెల్ కూడా సముద్రం దాటింది. 1895లో ఫీల్డ్ మార్షల్ హోదాతో ఐర్లాండుకు అధిపతిగా వెళ్లి డబ్లిన్‌లోని రాయల్ హాస్పిటల్‌లో నివసించాడు. పేరులో ఆసుపత్రి ఉన్నా అది 1680లలో వృద్ధ సైనికుల ఆశ్రయంగా కట్టిన భవనం. కాళ్లు చేతులు పోయినవారు, వయస్సు మీరినవారు అక్కడ శేషజీవితం గడిపేవారు. ముసలి గుర్రం ఆ ప్రాంగణానికి సరిగ్గా సరిపోయిన పింఛనుదారు.

1897 జనవరిలో రాబర్ట్స్ తన నలభై ఒక్క సంవత్సరాల భారత జీవితాన్ని రెండు సంపుటాల గ్రంథంగా వెలువరించాడు. మద్రాసు సిపాయిల గురించిన అభిప్రాయం అందులోనూ ఉంది. ఆ ఏడాది జూన్ 22న విక్టోరియా రాణి పాలన అరవై ఏళ్ల ఉత్సవం లండన్‌లో జరిగినప్పుడు వలస రాజ్యాల దళాల ఊరేగింపునకు ఆయన వొనొలెల్‌పై ముందు నడిచాడు. పతకాలు ధరించిన తెల్లని ముసలి గుర్రాన్ని చూసి జనం పొంగిపోయారు. జూబిలీ పతకం కూడా దానికి లభించింది. అప్పటికే దానికి ఇరవై ఏళ్లు ఎప్పుడో నిండాయి. సాధారణంగా గుర్రం ఆయుష్షు పాతిక నుంచి ముప్పై ఏళ్లు.

రెండేళ్లకు అది పోయింది. గుర్రం పోతే కొత్తది కొనుక్కోవడం సైనికాధికారికి నిత్యకృత్యం. రాబర్ట్స్ 1857 నుంచి ఎన్నో గుర్రాలు మార్చినవాడు. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం లెక్క వేరు. వొనొలెల్ ఆయన యౌవనం కాదు, మధ్యవయస్సు నుంచి వార్ధక్యం దాకా నడిచిన తోడు. ఆయనను ప్రభువు అయ్యేదాకా మోసింది. దాని వెంట ఆ ఇరవై రెండేళ్లూ వెళ్లిపోయాయి. తోటలో జాగా చూసి పాతిపెట్టించడం, రాయి నిలబెట్టించడం, దండయాత్రల పేర్లు చెక్కించడం, పెంచిన మూగజీవాలు పరలోకంలో ఎదురొస్తాయని ఆశించడం తప్పా అని అడిగే ఒక కవి చతుష్పాదిని కింద వేయించడం, ఇవి ఆయన దుఃఖాన్ని దాటడానికి ఎంచుకున్న పనులు. క్రైస్తవ మతాచారం ప్రకారం జంతువుల ఆత్మపై భిన్నాభిప్రాయాలు ఉన్న కాలంలో ఒక ఫీల్డ్ మార్షల్ తన ఆశను బహిరంగంగా రాతిపై పెట్టడం చిన్న విషయం కాదు.

మన పల్లెల్లో ఏళ్ల తరబడి అరక లాగిన ఎద్దు చనిపోతే కొందరు రైతులు పసుపు కుంకుమలు పెట్టి తమ చేను గట్టునే పాతిపెడతారు. అక్కడ రాయి ఉండదు, పేరు చెక్కరు, అయినా ఆ గట్టు మీద నాగలి పోనివ్వరు. జీలం ఒడ్డున తన ముసలి గుర్రం బ్యుసెఫలస్ పేర అలెగ్జాండర్ ఊరు కట్టించాడు. వాటర్లూలో తనను మోసిన కోపెన్‌హేగెన్‌ను వెల్లింగ్టన్ తన ఎస్టేటులో ఖననం చేయించాడు. రాబర్ట్స్ సమాధి ఈ వరుసలోదే.

ఆరు నెలలు తిరగలేదు. 1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం మొదలైంది. డిసెంబరు 15న కోలెన్సో వద్ద శత్రువు తుపాకుల ముందు చిక్కిన ఫిరంగులను వెనక్కి తెచ్చే ప్రయత్నంలో కొడుకు ఫ్రెడరిక్ తీవ్రంగా గాయపడి రెండు రోజులకు మరణించాడు. వయస్సు ఇరవై ఏడు. అదే రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా సేనాధిపత్యం రాబర్ట్స్‌కు అప్పగించింది. నియామకపు మాట, కొడుకు మరణవార్త దాదాపు ఒకేసారి ఆయనకు అందాయి. డిసెంబరు 23న ఓడ ఎక్కాడు. గుర్రానికి సమాధి కట్టించేందుకు వేసవి దొరికింది, కొడుకు కోసం దుఃఖించేందుకు వారం కూడా దొరకలేదు. ఫ్రెడరిక్‌ను అక్కడే నటాల్‌లోని చీవ్లీలో ఖననం చేశారు. 1900 ఫిబ్రవరిలో మరణానంతరం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. తండ్రీకొడుకులిద్దరికీ ఆ పతకం దక్కిన అతి కొద్ది కుటుంబాల్లో వారిదొకటి. ఆ దంపతులకు ఇక కొడుకు లేడు.

దక్షిణాఫ్రికాలో రాబర్ట్స్ వేగంగా నడిచాడు. 1900 ఫిబ్రవరి 15న కింబర్లీ విముక్తమైంది. అదే రోజున వాటర్‌వాల్ రేవు వద్ద ఆహారం, మేత మోస్తున్న బండ్ల వరుస బోయర్ల చేతికి చిక్కింది. దాన్ని వదిలేసి అరకొర తిండితో ముందుకు సాగాలని రాబర్ట్స్ నిశ్చయించాడు. సైనికంగా ఆ నిర్ణయం ఫలించింది. గుర్రాలకు మాత్రం అది మృత్యుశాసనం. సముద్ర ప్రయాణంలో చిక్కి, కొత్త నేలకు అలవాటు పడే వ్యవధి లేక, బరువు, ఆకలి, రోగాలతో అవి రోడ్డు పొడవునా కూలిపోయాయి. మూడేళ్ల యుద్ధంలో బ్రిటిష్ పక్షాన 3 లక్షలకు పైగా గుర్రాలు చనిపోయాయి. వాటన్నిటికీ ఆయనే బాధ్యుడు కాడు, ఆయన అక్కడున్నది ఏడాది లోపే. బోయర్ల పొలాల దహనం మాత్రం ఆయన ఆజ్ఞతోనే మొదలైంది. ఆ గుర్రాల స్మారకంగా పోర్ట్ ఎలిజబెత్ నగరంలో 1905లో ఒక విగ్రహం వెలిసింది. ఒక సైనికుడు మోకాళ్లపై కూర్చుని గుర్రానికి నీళ్లు పడుతున్న దృశ్యం. ఒక్క వొనొలెల్ కోసం కన్నీరు పెట్టిన సేనాని ఆ లక్షల గుర్రాల దారిలో నడిచినవాడే.

ఆ తర్వాత రాబర్ట్స్ 1904 వరకు బ్రిటిష్ సైన్యపు చివరి సర్వసేనాధిపతిగా ఉన్నాడు. 1914 నవంబరులో ఫ్రాన్సులో పోరాడుతున్న భారతీయ సైనికులను చూడటానికి సెయింట్ ఒమేర్ వెళ్లి, చలికి న్యుమోనియా సోకి 14న కన్నుమూశాడు. ఎనభై రెండేళ్ల వయస్సులో ఆయన చూడవెళ్లిన ఆ దళాల్లో ఎక్కువమంది తాను ఎంచి ఏర్చిన ఉత్తరాది జాతులవారే. లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన సమాధి ఉంది.

ఆయన గుర్రంపై కూర్చున్న కంచు విగ్రహాన్ని శిల్పి హ్యారీ బేట్స్ మలచగా 19వ శతాబ్దం చివర్లో కలకత్తా మైదానంలో నిలిపారు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే కలకత్తాకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్ జంక్షన్‌ను నిర్మిస్తోంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు రైలు పనులకు ఇక్కడికి వచ్చి చేరారు. కర్మాగారం రావడంతో ఆ రాక ఇంకా పెరిగింది. ఝపటాపూర్ వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది, చుట్టుపక్కల బెంగాలీలు వారిని తెలెంగి అంటారు. పటాలం కొలువు మూసుకుపోవడం వల్లనే వారు రైలు కొలువుకు వచ్చారని చెప్పడానికి వీల్లేదు. కరువులు, భూమి కొరత, కొత్త రైలు దారి వంటి కారణాలు అనేకం. అయితే ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయికి పర్యాయపదమైన మాట, ఇక్కడ రైలు కార్మికుని ఇంటిపేరులా మిగిలింది.

డబ్లిన్ రాయల్ హాస్పిటల్ 1991 నుంచి ఐరిష్ ఆధునిక కళా మ్యూజియంగా ఉంది. సందర్శకులు తోటలో తిరుగుతూ వొనొలెల్ శిల వద్ద ఆగుతుంటారు.